అనంత సేద్యానికి వాన లెక్క

దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమేనన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం. నివేదికల నుంచి ఎన్నికల ప్రసంగాల దాకా అందరూ అదే వల్లిస్తారు. లెక్కలు తీసి చూస్తే ఆ మాట నిలవదు. ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి 553 మిల్లీమీటర్లు. జైసల్మేర్‌లో 200 మిల్లీమీటర్లు కూడా పడదు. బికనీర్, బాడ్మేర్‌లలో పడేది అనంత వానలో సగానికి అటూ ఇటూ. లేహ్‌లో నూరు మిల్లీమీటర్లు పడితే గొప్ప. వీటన్నిటినీ వెనక్కి నెట్టి అనంతపురం రెండో స్థానంలో నిలబడే మార్గమే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన పడే ప్రాంతం ఇదేనన్నది నిజం, దేశం మొత్తానికి ఆ మాట వర్తించదు. అంకెల తప్పే కదా, వదిలేయొచ్చుగా అనిపించవచ్చు. కానీ ఈ తప్పు మీద నలభై ఏళ్ల విధానాలు నిలబడి ఉన్నాయి. ఎడారి అని ముద్ర పడిన చోట ప్రభుత్వాలకు రెండే పనులు తోస్తాయి. నది నీళ్లు ఎప్పుడో వస్తాయని చెప్పడం ఒకటి, అవి వచ్చేదాకా ఏటా పరిహారం పంచడం రెండోది. ఆ నేల మీద పడే వానను ఏం చేసుకోవాలన్న ప్రశ్న వెనకబడిపోతుంది. నిజానికి ముందు తేలాల్సింది అదే.

ముందు భౌగోళికం సంగతి. జూన్‌లో అరేబియా సముద్రం మీదుగా వచ్చే మేఘాలు పడమటి కనుమలను ఎక్కేటప్పుడే చాలా వరకు కురిసేస్తాయి. కనుమల మీది ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన. అక్కడి నుంచి తూర్పుకు దిగేకొద్దీ గాలిలో తేమ తగ్గిపోతుంది. చిత్రదుర్గ, బళ్లారి, అనంతపురం ఈ వాన నీడలో పడ్డ ఒకే పట్టీ. మధ్యలో గీసింది రాష్ట్రాల సరిహద్దే తప్ప వాతావరణపు సరిహద్దు కాదు. 1882లో అనంతపురం జిల్లాను విడదీసింది బళ్లారి జిల్లా నుంచేనని గుర్తుంచుకుంటే ఈ పోలికలో వింతేమీ కనిపించదు. ఇక అక్టోబరులో మొదలయ్యే ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు, చిత్తూరు వైపు ఉదారంగా కురిసినా, తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. రెండు రుతుపవనాలకూ అనంతపురం చివరి ఊరే. జులైలో మేఘాలు ఆకాశం నిండా పరుగెత్తుతుంటాయి, చినుకు మాత్రం రాలదు. ఆ మేఘాలను తోసుకుపోయే గాలికి ఎంత వేగం ఉంటుందో రామగిరి గుట్టల మీద, వజ్రకరూరు పరిసరాల్లో తిరిగే గాలిమరలను చూస్తే తెలుస్తుంది. ఆ గాలి నేలలో ఉన్న కాస్త తడినీ లాగేస్తుంది. ఏడాది మొత్తంలో ఇక్కడ ఆవిరయ్యే శక్తి పడే వానకు మూడు రెట్ల దాకా ఉంటుంది.

అసలు కథ నెలవారీ లెక్కల్లో ఉంది. ఉమ్మడి జిల్లా సగటు తీసుకుంటే జూన్‌లో సుమారు 64 మిల్లీమీటర్లు, జులైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118, అక్టోబరులో 110. నవంబరుకు వచ్చేసరికి 35కు పడిపోతుంది. అంటే ఏడాది వానలో నలభై శాతానికి పైగా సెప్టెంబరు, అక్టోబరు రెండు నెలల్లోనే కురుస్తుంది. ఉత్తర చూసి ఎత్తర గంప అన్న సామెత ఇక్కడి రైతుకు లెక్కల పుస్తకం లాంటిదే. ఉత్తర కార్తె సెప్టెంబరు రెండో భాగంలో వస్తుంది. ఏడాదిలో వాన బాగా పడాల్సిన ఆ రోజుల్లోనూ మొహం చాటేస్తే ఇక ఈ ఏటికి ఆశ లేదు, బిడ్డాపాపలతో వలస పోవడమేనని దాని అర్థం. వాతావరణ కేంద్రాలు లేని రోజుల్లోనే జనం కనిపెట్టిన సత్యం ఇది. అయితే మన వ్యవసాయ శాఖ క్యాలెండరు మాత్రం జూన్ మీదే ఆధారపడి నడుస్తోంది. విత్తనాల పంపిణీ మే, జూన్‌లలో, పంట రుణాల హడావుడి జూన్‌లో, జులై ఆఖరుకు సాగు విస్తీర్ణం లెక్కలు. ఏడాదిలో వాన ఎక్కువ పడే నెలల కోసం ఏ ప్రణాళికా ఉండదు.

సగటు లెక్కల్లో కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. 553 మిల్లీమీటర్లంటే ఎకరా మీద 22 లక్షల లీటర్ల నీళ్లు. కొర్రకు ఇది చాలినంతకంటే ఎక్కువే, వేరుశనగకు దాదాపు సరిపోతుంది. కానీ ఆ వాన విడివిడిగా, ఎడమెడంగా పడుతుంది. ఒక్క రాత్రిలో 80 మిల్లీమీటర్లు కురిసి, తర్వాత ముప్పై రోజులు చినుకు లేకపోయినా నెల సగటు సరిపోతుంది. చేను మాత్రం ఎండిపోతుంది. జిల్లాలో మూడు వంతుల నేల ఎర్ర నేల. చాలాచోట్ల జానెడు, మూరెడు లోతుకే గరుసు తగులుతుంది. వాన పడిన రెండు రోజులకే పైపొర గట్టిపడుతుంది, తర్వాతి వాన ఇంకకుండా వంకల్లోకి జారిపోతుంది. ఇంకిన పదును పది పదిహేను రోజులకు మించి నిలవదు. అందువల్ల ఇక్కడ పంటను చంపేది ఏడాది వాన తక్కువ కావడం ఒక్కటే కాదు. రెండు వానల మధ్య ఎడం పదిహేను రోజులు దాటితే చాలు. మంచి వర్షపాతం నమోదైన ఏళ్లలో కూడా రైతు చేతికి పంట రాకపోవడానికి కారణం ఇదే. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం నగరంలో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. అంతకు ముందు ఏడాది నవంబరులో చిత్రావతి వరదలో చిక్కుకున్నవారిని హెలికాప్టర్‌తో తీయాల్సి వచ్చింది. వరదనూ కరువునూ ఒకే జిల్లా చూస్తోందంటే లోపం వాన మొత్తంలో లేదని గ్రహించాలి.

జిల్లా అంతటినీ ఒకే గాటన కట్టడం మరో పొరపాటు. ఉత్తరాన తాడిపత్రి, యాడికి, ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడి ఉంది. అక్కడ అక్టోబరు వాన నేలలో దాగి ఉంటే దాని మీదే పప్పుశనగ పండుతుంది, తర్వాత ఒక్క చినుకు పడకపోయినా పంట నిలుస్తుంది. దక్షిణాన మడకశిర, హిందూపురం సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. వాతావరణం, తిండి, పంటలు అన్నీ మైసూరు పోలికే. రాగి, మల్బరీ అక్కడ మామూలు. తూర్పున కదిరి గుట్టలు, వాటి మధ్య చిన్న చిన్న చెరువులు. మధ్యలో ధర్మవరం, రాప్తాడు, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు అసలైన మెట్ట. 2022లో జిల్లా రెండుగా చీలి శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది, కానీ ఆ గీత ఈ తేడాలను అనుసరించి గీసింది కాదు. నేలనూ వానకాలాన్నీ బట్టి ఏ మండలానికి ఆ మండలం సేద్యం తేల్చాలి. పరిహారానికైతే వాన లెక్క మండలం స్థాయిలో కడుతున్నాం, పంటల ప్రణాళికకు మాత్రం జిల్లా మొత్తానికి ఒకటే సూత్రం.

ఎడారి ముద్రకు ఆధారంగా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల ఇసుక దిబ్బలను చూపిస్తుంటారు. చూసినవారికి గుండె తరుక్కుపోయే దృశ్యమే అది. వేదవతి నది ఒడ్డు నుంచి ఆషాఢ గాలికి ఇసుక లేచి చేలను కప్పేస్తుంది, గట్లు కనబడవు, నాటిన మొక్క మెడ దాకా పూడుకుపోతుంది. అయితే ఆ ఇసుక ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. నదిలో నీళ్లు పారినన్నాళ్లు ఇసుక తడిసి నది గర్భంలోనే ఉండేది. ఎగువన మైసూరు సంస్థానం కాలంలో వాణీ విలాస సాగరం జలాశయం వచ్చింది, తర్వాత దిగువన భైరవానితిప్ప ప్రాజెక్టు వచ్చింది. నది ఎండిపోయాక అదే గాలికి అదే ఇసుక ఎగురుతోంది. వాన తగ్గడం వల్ల పుట్టిన ఎడారి కాదిది. ఒడ్డున చెట్ల వరసలు పెంచి గాలిని ఆపితే ఇసుక ఆగుతుందని అటవీ శాఖ నాటిన చోట్ల కొంత రుజువైంది కూడా. కారణం సరిగ్గా తెలిస్తే మందు దొరుకుతుంది. ఎడారి అని పేరు పెట్టేస్తే చేతులెత్తేయడమే మిగులుతుంది.

వేరుశనగ కథ మరీ ముఖ్యం. ఒకప్పుడు ఈ చేలల్లో కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక, కంది, ఉలవ, అనుము, ఆముదం కలగలిసి ఉండేవి. నూనెగింజల కొరత తీర్చాలని 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టాక, రాయితీ విత్తనం, రుణం, బీమా అన్నీ వేరుశనగ చుట్టూ అల్లుకున్నాయి. మిగతా పంటలకు అవేవీ లేవు. తక్కెడలో ఒక వైపు అన్నీ వేసి, రైతు అటే మొగ్గాడని ఆశ్చర్యపోతే ఏం లాభం? ఒక దశలో ఉమ్మడి జిల్లాలో సుమారు 20 లక్షల ఎకరాల్లో అదొక్కటే కనిపించేది. ఒకే పంట అంత విస్తీర్ణంలో ఉంటే ఏమవుతుందో 2000 ఖరీఫ్‌లో తేలింది. కాండం కుళ్లు వైరస్ తెగులు సుమారు 2.25 లక్షల హెక్టార్లకు పాకి, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. ఆ వైరస్ వచ్చిన దారి గమనించదగ్గది. బీడు భూముల్లో, బాటల వెంట విచ్చలవిడిగా పెరిగిన వయ్యారిభామ పుప్పొడిలో అది ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి వచ్చి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. ఆకును గీకి రసం పీల్చే తామర పురుగు చేసిన గాయాల్లోంచి వైరస్ మొక్కలోకి దిగుతుంది. జొన్న, సజ్జ లాంటి ఎత్తు పైర్లు చేను చుట్టూ నాలుగు సాళ్లు ఉంటే పుప్పొడిని, పురుగును చాలావరకు అడ్డుకుంటాయని శాస్త్రవేత్తలు తర్వాత సిఫార్సు చేశారు. అంతకు పూర్వం రైతులు ఎవరూ చెప్పకుండానే ఆ పని చేస్తూ ఉండేవారు.

అయినా వేరుశనగను తప్పు పట్టి ఊరుకోవడం న్యాయం కాదు. రైతు దానిని పట్టుకుని ఉండడానికి గట్టి కారణాలున్నాయి. కొన్నాళ్లు వాన లేకపోతే వాడిపోయినా, ఒక వాన పడగానే తేరుకునే పంట అది. కాయలు సరిగా కాకపోయినా కట్టె పశువులకు మేత. అమ్మబోతే మార్కెట్ ఉంది, కొర్రకు ఆ భరోసా లేదు. అందువల్ల వేరుశనగ మానేయండి, చిరుధాన్యాలు వేయండి అని నగరంలో కూర్చుని ఉపదేశించేవారి మాట రైతు చెవికెక్కదు, ఎక్కనవసరమూ లేదు. చేయాల్సిందేమిటంటే వాన లెక్కకు వేరుశనగను సరిపెట్టడం, సరిపడని చోట పక్కన ఇంకో పంటకు అదే గౌరవం ఇవ్వడం. జులై మొదట్లో పదును దొరికి గొర్రు పట్టిన చేను ఆగస్టులో ఊడలు దిగే దశకు వస్తుంది. ఆ పక్షం రోజుల్లో నేల గట్టిగా ఉంటే ఊడ లోపలికి దిగదు, దిగినా కాయ ఊరదు. ఆ గండం గడిస్తే సెప్టెంబరు వాన గింజ కట్టిస్తుంది. అంటే ఈ పంటకు కావాల్సింది కాలువ కింద మాగాణి నీళ్లు కాదు. ఆగస్టులో ఒక తడి, అవసరమైతే రెండో తడి. జులై ఆఖరుకీ పదును దొరకకపోతే ఆగస్టులో వేరుశనగ విత్తడం నష్టాన్ని కొని తెచ్చుకోవడమే, ఎందుకంటే నవంబరుకు వాన ఆగిపోతుంది. అప్పుడు సెప్టెంబరు వానకు తగ్గ పంటలు వేసుకోవాలి. ఆగస్టు, సెప్టెంబరులలో విత్తే ఉలవ అలాంటిదే. ఇక జూన్, జులైలో వేరుశనగలో అంతరపంటగా పడ్డ కంది వేరు లోతుకు దించి అక్టోబరు వానను కూడా వాడుకుంటుంది. కంది సాలు ఉన్న చేనులో వేరుశనగ పోయినా రైతుకు కొంత మిగులుతుంది.

ఇక్కడే హంద్రీ-నీవా సంగతి మాట్లాడాలి. శ్రీశైలం జలాశయం వెనుక నీటిని మాల్యాల దగ్గర ఎత్తి, మెట్టు మెట్టుగా పంపులతో పైకి తెచ్చి రాయలసీమకు అందించే పథకం ఇది. 2012 చివర్లో కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరాయి. 40 టీఎంసీలతో నాలుగు ఉమ్మడి జిల్లాల్లో 6.02 లక్షల ఎకరాలు తడపాలన్నది లక్ష్యం, అందులో అనంతపురానికి 3.45 లక్షల ఎకరాలు. ఉమ్మడి జిల్లాలో సాగు భూమి దాదాపు పాతిక లక్షల ఎకరాలు. పథకం నూటికి నూరు పాళ్లు పూర్తయినా ఏడో వంతు భూమికి అందుతుంది, మిగతా ఆరు వంతులు వాన మీదే ఉంటాయి. లక్ష్యం ప్రకారం చూస్తే ఒక టీఎంసీకి 15 వేల ఎకరాలు. అదే టీఎంసీని పూర్తి పంటకు కాక, ఎండిపోతున్న మెట్ట చేనుకు 30 మిల్లీమీటర్ల తడిగా ఇస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఎకరాకు 30 మిల్లీమీటర్లంటే 1.21 లక్షల లీటర్లు, టీఎంసీలో 2,832 కోట్ల లీటర్లు. కాగితం మీద 2.3 లక్షల ఎకరాలు తడుస్తాయి. దారిలో సగం పోయిందనుకున్నా లక్ష ఎకరాలకు పైగా ఒక తడి. పది టీఎంసీలను ఆగస్టు గండానికి కేటాయిస్తే జిల్లాలో వేరుశనగ వేసిన చేలలో చాలా వాటికి ఒక ఆసరా దొరుకుతుంది. కోట్ల రూపాయల కరెంటు ఖర్చు పెట్టి అంత ఎత్తుకు తెచ్చిన నీటిని కొద్ది ఎకరాల మాగాణికి వాడుకోవడం కంటే లక్షల ఎకరాల మెట్టకు ప్రాణం పోయడం నాకు న్యాయంగా తోస్తుంది.

ఇలాంటి ప్రయత్నం ఒకసారి జరిగిందని, ఫలితం ఏమిటో చూశామని కొందరు గుర్తు చేస్తారు. 2016 ఆగస్టులో వేరుశనగను కాపాడాలని ప్రభుత్వం రెయిన్‌గన్లు పెద్ద ఎత్తున దించింది. అధికారులు ఊళ్లలోనే మకాం పెట్టారు, ట్యాంకర్లతో నీళ్లు మోశారు. ఎంత పంట దక్కిందన్న దాని మీద పెద్ద వాదమే నడిచింది. ఆ విమర్శలో బలం ఉంది. చేను ఎండాక నీటి కోసం వెతికితే ట్యాంకర్లే గతి, ట్యాంకరు నీళ్లతో లక్షల ఎకరాలు తడపడం అయ్యే పని కాదు. అయితే ఆ అనుభవం చెప్పేది తడి పనికిరాదని కాదు. నీళ్లు ముందే చేను పక్కన ఉండాలి. రెయిన్‌గన్ చివరి పనిముట్టు, దానికి ముందు కుంట, చెరువు, చేలో తవ్వుకున్న పంట సంజీవని గుంత నిండి ఉండాలి. కృష్ణకు వరద సాధారణంగా జులై ఆఖరున, ఆగస్టులో వస్తుంది. సరిగ్గా మనకు కావాల్సిన సమయమే అది. ఆ నీటిని మొదట చెరువులకు మళ్లిస్తే, అక్కడి నుంచి గుంతలకు, స్ప్రింక్లర్లకు చేర్చడం ఊరి పని. గాలికి, ఎండకు ఆవిరైపోతుంది కదా అంటారు. పోతుంది, రోజుకు అర సెంటీమీటరు పైనే పోతుంది. కానీ ఇక్కడ నీళ్లు నిలవాల్సింది ఏడాది పొడుగునా కాదు, మూడు నాలుగు వారాలు. ఆవిరయ్యేదాని కంటే నేలలోకి ఇంకేది ఎక్కువ, అది బావులకూ బోర్లకూ చేరుతుంది. హంద్రీ-నీవా కాలువకు కాంక్రీటు లైనింగ్ వేస్తే ఊటలు ఎండిపోతాయని రైతులు ఆందోళనకు దిగడంలోని తర్కం ఇదే. ఆఫీసు గదిలో నష్టంగా కనిపించే ఊట ఊళ్లో బావికి ఆదాయం.

చెరువు ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. అనంతపురం, బుక్కరాయసముద్రం పుట్టిందే చెరువు కట్ట రెండు కొసల్లో. విజయనగర కాలంలో 1364 ప్రాంతంలో బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయరు కట్టించాడని చెప్పే చెరువది. ధర్మవరం, బుక్కపట్నం చెరువులూ అలాంటివే. పొరుగున కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెరువు ఎక్కడ కట్టాలో, ఎక్కడ కట్టకూడదో లక్షణాలు చెబుతుంది. ఒక్క చెరువుకు రెండేళ్ల పాటు రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని అదే శాసనం చెబుతుంది. గట్టి నేల ఉండాలి, కొండలు ఆనుకుని ఉండాలి, పక్కన రాయి దొరకాలి, కింద సాగుకు యోగ్యమైన మాగాణి ఉండాలి అని వాళ్లు ఆలోచించారు. వాన ఎడమెడంగా కురిసే చోట పడిన రోజు పట్టుకోవాలి, లేని రోజుకు దాచుకోవాలి అన్న జ్ఞానం ఆ కట్టల్లో ఉంది. ఈనాడు ఆ చెరువులకు చేరే వంకలు కబ్జా అయ్యాయి, మరవలు పాడయ్యాయి, పూడిక పేరుకుంది, చెరువు నీటిని పంచే నీరుగంటి వ్యవస్థ అంతరించింది. నడిమివంక నగరంలోకి రావడమూ, పల్లెలో చెరువుకు చుక్క చేరకపోవడమూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం న్యాయం గురించినది. కోనసీమ రైతును కొర్ర వేసుకోమని ఎవరూ చెప్పరు, సీమ రైతుకే ఈ పొదుపు పాఠాలు ఎందుకన్న ప్రశ్న. ఆ ప్రశ్నలోని బాధ నిజమైనది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఇస్తామని కోస్తా, సీమ పెద్దలు రాసుకున్నారు. ఆ మాట ఎంతవరకు నెరవేరిందో సీమలో ఎవరినడిగినా చెబుతారు. తుంగభద్ర ఎగువ కాలువకు ఆంధ్ర వాటాగా 32.5 టీఎంసీలు కేటాయించినా, అన్నీ అందిన ఏడాది అరుదు. 133 టీఎంసీలు పట్టేలా కట్టిన జలాశయం పూడికతో 105కు అటూ ఇటూ వచ్చింది, కాలువ చివరి భూములకు ఆ లోటు ముందుగా తగులుతుంది. వాటా కోసం పోరాడాల్సిందే, ఒక్క టీఎంసీ కూడా వదులుకోకూడదు. నా మాట వాటా తగ్గించమని కాదు. వచ్చిన నీళ్లు కాలువ పక్కన ఉన్న కొద్ది మందికే చేరి, కళ్యాణదుర్గం మెట్టలో ఉన్న రైతుకు చేరకపోతే అదీ అన్యాయమే. కోస్తాతో సమానం కావడమంటే కోస్తా పంటలు వేయడమన్న అర్థం ఎక్కడా లేదు. కోస్తా రైతుకు తన నేలకు తగ్గ సేద్యం చేసుకునే వెసులుబాటు ఉంది, విత్తనం నుంచి మార్కెట్ దాకా ప్రభుత్వం వెనక నిలబడింది. సీమ రైతుకూ తన నేలకు తగ్గ సేద్యం మీద అదే అండ కావాలి. కనీస మద్దతు ధర ప్రకటించినంత మాత్రాన చాలదు. కందికీ, కొర్రకూ ఊళ్లో కొనుగోలు కేంద్రం ఉండాలి, బియ్యంతో పాటు రేషన్ దుకాణంలో అవి కూడా కనిపించాలి.

పండ్ల తోటలతో అనంత దశ తిరిగింది కదా, ఇంకా కరువు గొడవ ఎందుకని మరికొందరు అంటారు. నిజంగానే ఈ జిల్లా చీనీకి (బత్తాయికి), దానిమ్మకు, అరటికి పేరు తెచ్చుకుంది. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి దిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది, తాడిపత్రి నుంచి అరటి గల్ఫ్ దేశాలకు వెళ్తోంది. ఆ రైతుల శ్రమనూ తెలివినీ తక్కువ చేయలేం. కానీ వాటికి నీళ్లు ఎక్కడివి? జిల్లాలో ఎక్కువ భాగం కింద ఉన్నది గట్టి గ్రానైటు జాతి రాయి. నీళ్లు నిలిచేది రాయి శిథిలమైన పైపొరలో, ఆ కింద అక్కడక్కడా ఉన్న పగుళ్లలో మాత్రమే. ఆ పగులు తగిలిన బోరు పోస్తుంది, పది అడుగుల పక్కన వేసిన బోరు దుమ్ము కక్కుతుంది. వెయ్యి అడుగులు దాటినా అదే జూదం. ఏడాది పంటైతే వాన లేని ఏడాది మానుకోవచ్చు, చెట్టుకు ఆ సౌకర్యం లేదు. బోర్లు ఎండిన ఏళ్లలో పదిహేనేళ్లు పెంచిన చీనీ చెట్లను కొట్టేసుకున్న రైతులు ఈ జిల్లాలో ఎందరో. నీటి లెక్క లేని తోట ఆస్తి కాదు, అప్పు. అనంతపురం సహా ఏడు జిల్లాల్లో రైతులే తమ వాన, బోరు మట్టం కొలుచుకుని, అక్టోబరు తర్వాత భూమిలో ఎంత నీరుందో లెక్కగట్టి రబీ పంట నిర్ణయించుకునే ప్రయోగం లోగడ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో నడిచింది. ఆ పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. వాన కొలిచే గొట్టం, బోరులోకి దించే తాడు, ఊరి గోడ మీద రాసిన అంకెలు చాలు. పథకం కాలం ముగిశాక చాలాచోట్ల ఆ గోడ మీద అంకెలు రాసేవారు లేకుండా పోయారు.

మొదలుపెట్టడానికి కొత్త చట్టం, కొత్త ప్రాజెక్టు అక్కర్లేదు. హంద్రీ-నీవా, ఎగువ కాలువ నీటి విడుదల ప్రణాళికలో ఆగస్టు తడి అన్న పద్దు ఒకటి చేర్చి, ఏ చెరువుకు ఏ తేదీకి ఎంత అని మే నెలలోనే ప్రకటించాలి. చెరువుకు నీళ్లు తెచ్చే వంకల సర్వే జరిపి, కబ్జాలు తొలగించడం పంచాయతీకి, రెవెన్యూ శాఖకు ఏడాది గడువుతో అప్పగించాలి. విత్తన గోదాముల్లో వేరుశనగతో పాటు కంది, కొర్ర, ఉలవ విత్తనాలు కూడా రాయితీ మీద ఉంచాలి, వాటిలో సగం జూన్‌లో, సగం ఆగస్టు మొదటి వారంలో ఇచ్చేలా. వేరుశనగ విత్తితేనే పరిహారం, బీమా అందుతాయన్న భయంతో ఆగస్టులో దండగ విత్తనం చల్లే రైతుకు, ఉలవ వేసినా అదే రక్షణ వర్తిస్తుందని ముందే లిఖితపూర్వకంగా చెప్పాలి. దశాబ్దాలుగా మెట్ట సేద్యం మీదే పనిచేస్తున్న రేకులకుంట పరిశోధన కేంద్రం దగ్గర ఏ నెల వాన ఆలస్యమైతే ఏ పంట వేయాలో చెప్పే ప్రత్యామ్నాయ ప్రణాళిక ఉంది. దానికి తగ్గ విత్తనం మండల కేంద్రంలో లేకపోవడం వల్ల అది కాగితం మీదే ఆగిపోతోంది. వచ్చే ఖరీఫ్‌కు ముందు జిల్లా యంత్రాంగం జవాబు చెప్పాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆగస్టు 5 నాటికి కళ్యాణదుర్గం గోదాములో ఎన్ని క్వింటాళ్ల ఉలవ విత్తనం ఉంటుంది?